బతుకమ్మ పాట యూట్యూబ్‌కెక్కాక: జానపదమా, పాపులర్ కల్చరా?

బల్లబోర్డు

డిగ్రీ పిల్లలకు పాపులర్ కల్చర్ లక్షణాలు చెప్పాలి. పాఠ్యపుస్తకాల్లో ఉదాహరణలన్నీ జీన్స్ ప్యాంటు, వాక్‌మన్, బర్గర్. పిల్లలు చదువుతారు, రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. వాళ్ళ ఫోన్లో మోగుతున్న పాటకీ ఈ పాఠానికీ సంబంధం ఉందని మాత్రం అనుకోరు. అందుకే బతుకమ్మ పాటను ఉదాహరణగా తీసుకుందామని ఉంది. వాకిట్లో చప్పట్లతో పాడేదీ అదే, పండక్కి ముందు ఏటా కుప్పలుగా కొత్త వీడియోలై దిగేదీ అదే. ‘జనం చేసుకుంటే జానపదం, జనానికి అమ్మితే పాపులర్’ అన్న సూత్రం బోర్డు మీద బాగానే ఉంటుంది. ఇక్కడ నిలబడుతుందా? పాట కట్టే తీరు, రికార్డింగు, హక్కులు తెలిసినవాళ్ళు చెప్పండి. అభిప్రాయం కన్నా వివరం ఎక్కువ ఉంటే మేలు.

పాతరికార్డు

ముందు ఒక కొలత పక్కన పెట్టేయండి: ఎంతమంది విన్నారన్నది. పెత్రమాస నుంచి సద్దుల దాకా తెలంగాణలో ఊరూరా ఆడవాళ్ళు పాడతారు. సంఖ్యే లక్షణమైతే వాకిట్లో పాట ఏ వీడియో కన్నా ముందే పాపులర్ అయినట్టు. బ్రిటిష్ విమర్శకుడు రేమండ్ విలియమ్స్ 1976లో నాలుగు కొలతలు చెప్పాడు: చాలామందికి నచ్చినది, తక్కువ రకంగా చూసేది, మెప్పు కోసం పనిగట్టుకుని చేసినది, జనం తమ కోసం తాము చేసుకున్నది. బతుకమ్మ వీడియో మూడో దాంట్లో పడుతుంది, వాకిలి పాట నాలుగో దాంట్లో. మొదటి దాంట్లో రెండూ ఉంటాయి. అందుకే ఆ ఒక్క కొలత పట్టుకుంటే ఏదీ తేలదు.

నా లెక్కలో అసలు లక్షణం నకలు. ఒకసారి బిగించిన రూపం, దాని లక్ష కాపీలు, అన్నీ అచ్చంగా ఒకటే. దాంతోపాటు నిడివి వస్తుంది. 1902 నవంబరులో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గ్రామఫోను రికార్డులు ఇచ్చినప్పుడు గంటసేపు పాడగల రాగాన్ని మూడు నిమిషాల్లో ముగించాల్సి వచ్చింది. పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో, ఏ పాట ఎవరిదో అక్కడి పనివాళ్ళకు తెలియాలి కదా. తర్వాత సీ-60 క్యాసెట్ వచ్చి ఒక్కో వైపు 30 నిమిషాలు ఇచ్చింది. జానపదాలు క్యాసెట్లలో కాస్త ఊపిరి పీల్చుకున్నాయి. ఇప్పుడు యూట్యూబ్‌లో నిడివికి అడ్డం లేకపోయినా ఎవరూ అరగంట పాట పెట్టరు. ఎందుకు పెట్టరన్నది రికార్డింగు వాళ్ళు చెప్పాలి.

గునుగుపువ్వు

నకలు సంగతి సరే. అసలు పాట వాకిట్ల ఎట్ల నడుస్తదో చెప్పకుంటే పిల్లలకు తేడా తెల్వది.

ఒకామె పాట ఎత్తుకుంటది. సగం చరణం చెప్పి ‘ఉయ్యాలో’ అంటది. మిగిలినోళ్ళందరు అదే చరణం తిప్పి అంటరు. అంటే ప్రతి మాట రెండుసార్లు వస్తది. గుంపు తిప్పి పాడేటప్పుడు ఎత్తుకున్నామెకు తర్వాతి చరణం యాదికి తెచ్చుకునే టైము దొరుకుతది. కాయితం లేకుండ అరగంట పాడుతరంటే ఆ ఖాళీ వల్లనే. పల్లవి ఒక్కో పాటకు ఒక్కోటి ఉంటది: ఉయ్యాలో, చందమామ, గౌరమ్మ. ఆ ముందర వచ్చే మాటలు ఆ కొలతకు సరిపోతే చాలు, ఏ మాటైనా పడుతది. పెండ్లయి పోయిన బిడ్డ పేరు, చెరువు నిండిన ముచ్చట, కరువు, ఆ ఇంటి పెద్దమ్మ పేరు, ఏదైనా. ఎత్తుకున్నామెకు యాది తప్పితే పక్కామె అందుకుంటది. ఆమె చెప్పేది వేరే వరుస అయినా గుంపు దాని ఎన్కనే పోతది.

అడుగు సంగతి: ఒక అడుగు లోపటికి, కొంచెం వంగి చప్పట్లు, లేచి పక్కకు జరుగుడు. ముసలోళ్ళు, పిల్లలు కలిసి ఉంటే నిమిషానికి దాదాపు 70–80 దెబ్బల కాడ ఉంటది. పొద్దుగూకినంక ఊపొస్తే మెల్లగ పెరుగుతది. ముగింపు అంటూ లేదు. చెరువుకు ఎత్తే టైమైతే పాట ఆగుతది.

ఇంకొకటి. తొమ్మిది దినాలకు తొమ్మిది పేర్లున్నయి: ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల. ఆరో దినం అలిగిన బతుకమ్మ, ఆనాడు పేర్చరు. ఇన్ని వీడియోలు వస్తున్నయి గద, ఆ ఆరో దినం సంగతి చెప్పేదాన్ని ఒక్కదాన్ని వెతికి చూడుండ్రి.

మిక్సింగ్‌బల్ల

స్టూడియో వైపు సంగతి చెప్తాను. పండగ సెప్టెంబరు చివరో అక్టోబరో. పాట జూలై ఆగస్టుల్లో కడతారు, షూటింగు ఆగస్టులో పెడతారు, పెత్రమాసకు రెండు మూడు వారాల ముందు వదులుతారు. ఆగస్టులో గునుగు చాలినంత దొరకదు. బంతి, కాగితం పూలు, ప్లాస్టిక్కు కలిపి పేరుస్తారు. దగ్గరి షాట్‌లో పై మూడు వరసలు మాత్రమే నిజం పూలు. గునుగు తెల్లగా ఉంటుంది కాబట్టి రంగులో ముంచి ఆరబెట్టాలి, తడి ఆరకముందే పేరిస్తే రంగు కారి పక్క వరస పాడవుతుంది. లైట్ల వేడికి అది ఇంకా త్వరగా బయటపడుతుంది.

పాట కొలత నాలుగున్నర నుంచి ఆరు నిమిషాలు. మొదటి 15–20 సెకన్లలో పల్లవి వినపడాలి, లేకపోతే వేలు పక్క వీడియో మీదికి పోతుంది. మూడు చరణాలు, మధ్యలో బిట్లు, అంటే వాయిద్యాల ముక్కలు. అరగంట పాట ఎందుకు పెట్టరన్న దానికి జవాబు ఇదే: చూసేవాళ్ళు ఎక్కడ వదిలేస్తున్నారో యూట్యూబ్ గీత గీసి చూపిస్తుంది. తర్వాతి ఏడాది పాట ఆ గీత చూసే కడతారు.

కోరస్‌కు నలుగురు గాయనులను పిలిచి మూడు సార్లు పాడిస్తే పన్నెండు మంది వినిపిస్తారు. ప్రతిసారీ మైకు ముందు చోటు మార్చి నిలబెట్టాలి. ఒకే టేకును కాపీ చేసి పేరిస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. చప్పట్లూ అంతే. ఒక శాంపిల్‌ను అతికిస్తూ పోతే అన్ని చేతులూ ఒకే క్షణంలో పడి తుపాకీ పేలినట్టు ఉంటుంది. ఐదారుగురితో నిజంగా కొట్టించాలి, లేదా ఒక్కో చప్పట్లను 10–30 మిల్లీసెకన్లు అటూఇటూ జరపాలి.

పాట అంతా క్లిక్ మీద, అంటే చెవిలో ఒకే వేగంతో మోగే టిక్‌టిక్ మీద నడుస్తుంది కాబట్టి మొదటి చరణం వేగమే చివరిదాకా. పైన గునుగుపువ్వు అక్క చెప్పిన ‘మెల్లగ పెరుగుడు’ ఇక్కడ ఉండదు.

మరొకటి, ఇది పాఠంలో తప్పక చెప్పండి: ఎవరు వింటారో, దేనిమీద వింటారో తెలియకుండా చేస్తాం. ఫోన్ స్పీకరు 200 హెర్ట్జ్ కిందికి దాదాపు ఏమీ ఇవ్వదు, అక్కడ డప్పు అంటే పుల్ల తగిలే ‘చిట’ శబ్దమే. డీజే డబ్బాల మీద అదే డప్పు 50–100 హెర్ట్జ్ దగ్గర ఛాతీకి తగలాలి. ఒకే మిక్స్ ఈ రెండింటికీ పనిచేయాలి. గట్టిగా వినపడాలని స్థాయి అంతా నొక్కేస్తారు కొందరు. యూట్యూబ్ దాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలమానం) దగ్గరికి దించుతుంది. దిగాక మిగిలేది దెబ్బ పోయిన చదును శబ్దం.

పాతరికార్డు

జర్మన్ తత్వవేత్తలు అడోర్నో, హార్క్‌హైమర్ 1940ల్లో ‘సంస్కృతీ పరిశ్రమ’ అన్నది సరిగ్గా దీన్నే. విడిభాగాలు. ఒక వీడియోలోంచి రెండో చరణం ఊడదీసి ఇంకో వీడియోలో బిగించండి, ఎవరికీ తెలియదు. పల్లవి తర్వాత బిట్, బిట్ తర్వాత చరణం, డ్రోన్ షాట్ ఎక్కడ రావాలో కూడా ముందే ఖాయం. ఇదీ రెండో లక్షణం.

గోదారిగట్టు

రెండో లక్షణం అక్కడితో ఆగదండీ. విడిభాగాలు మార్చుకోవడమే పాపులర్ కల్చర్ గుర్తయితే గునుగుపువ్వు గారు చెప్పిన వాకిలి పాట అంతకన్నా పెద్ద విడిభాగాల కొట్టు! ఏ చరణం ఏ పాటలోకైనా పోతోంది, కొలత కుదిరితే చాలు. తేడా మూసలో లేదు, ఆ మూస ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది. వాకిట్లో చరణం మార్చాలంటే నోరుంటే సరిపోతుంది. వీడియోలో మార్చాలంటే ప్రాజెక్టు ఫైలు ఉన్నవాడి దగ్గరికి వెళ్ళాలి. నన్నడిగితే పిల్లలకు ఈ ఒక్క ప్రశ్న చాలు: ‘మధ్యలో ఒకరు తమ చరణం చేర్చగలరా?’

అయితే చేర్చలేనివాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్నారా అంటే లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది, 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ నిషేధం, జూలైలో రీల్స్. అప్పట్నుంచి పాటలో 20–30 సెకన్ల ముక్క తీసుకుని దానికి తమ అడుగు, తమ చీర, తమ వెక్కిరింత అతికిస్తున్నారు. మాట మార్చలేకపోతే అర్థం మారుస్తారు. అత్తాకోడళ్ళ వెక్కిరింతకు వాడిన భక్తి చరణాలు కావలసినన్ని. తయారుచేసినవాడు ఒకటి అనుకుంటాడు, వాడుకునేవాళ్ళు ఇంకొకటి చేస్తారు. ఈ తిరుగు ప్రయాణం లేకుండా పాపులర్ కల్చర్‌ను చెప్తే అది ఒట్టి వ్యాపారశాస్త్రం అవుతుంది.

మా వైపు గొబ్బిపాటలు ఇంత ప్రవాహంగా ఎందుకు మారలేదో కూడా అడిగి చూడండి. పండగ తేదీ ఉంది, గుండ్రంగా తిరిగే ఆటా ఉంది. కానీ గొబ్బి ఎక్కువగా ఇంటి ముంగిట ఆడపిల్లలది, ఊరంతా చెరువు దగ్గరికి పోయేది కాదు. సంక్రాంతి అంటే సినిమాల విడుదల కాబట్టి ఆ పది రోజులూ డబ్బు, చెవులు రెండూ అటే పోతాయి. అన్నిటికన్నా పెద్ద కారణం, గొబ్బి ఏ ఉద్యమానికీ గుర్తు కాలేదు. బతుకమ్మ తెలంగాణ ఉద్యమానికి గుర్తయింది, 2014లో రాష్ట్ర పండగైంది. ఆ గుర్తింపు వెనక వేదికలు, స్పాన్సర్లు, ప్రభుత్వ ఏర్పాట్లు వచ్చాయి. 2021లో ఏ.ఆర్. రెహమాన్ సంగీతంతో, గౌతమ్ మేనన్ చిత్రీకరణతో బతుకమ్మ పాట వచ్చిందంటే దాని వెనక ఉన్నది ఆ బలమే. ఇది నా అంచనా, కాదనేవాళ్ళుంటే చెప్పండి.

గునుగుపువ్వు

కాదన. కానీ స్పాన్సరు రాకముందు కూడ పాట చచ్చిపోలే. అదొక్కటి రాసుకోండ్రి.

డీజే పెట్టినంక వాకిట్ల ఏమైతదో చెప్తా. ట్రాకు 120 దెబ్బల మీద ఉంటే వంగి లేచే టైము ఉండది. ఫస్టు వంగుడు పోతది, తర్వాత చప్పట్లు సగమైతయి, ఇంక ముసలోళ్ళు పక్కకు జరిగి కుర్చీలల్ల కూసుంటరు. గుండ్రం కూడ ఉండది. అందరి మొకం డబ్బాల దిక్కు తిరుగుతది, గుండ్రం కాస్త వరుసలైతది. బతుకమ్మ నడుమ నుంచి ఒక మూలకు పోతది. పాటకు పాటకు నడుమ పది సెకన్లు ఖాళీ వస్తే అందరు నిలవడి డీజే పిలగాని దిక్కు చూస్తరు. ఎత్తుకునేటామె పని ఆ పిలగాడు గుంజుకున్నడు, కానీ ఆయనకు చరణాలు రావు.

సగం బాగు చేసే ఉపాయం ఉన్నది. డీజే పాటలు ఊరేగింపుకు పెట్టుకోండ్రి, చెరువుకు పోయే తొవ్వల. పేర్చి ఆడేకాడ మైకు ఒక్కటి ఎత్తుకునేటామెకు ఇయ్యుండ్రి, డబ్బాలు బందు. మైకు ఆమె నోటికి జానెడు దూరముండాలె. చేతుల పట్టుకుంటే చప్పట్లు కొట్టలేదు, కాబట్టి చీరకు పెట్టే చిన్న మైకు ఇయ్యాలె.

మిక్సింగ్‌బల్ల

మైకుతో సరిపోయేది రెండు మూడు వందల మంది దాకా. ఆ పైన చప్పట్లు చెదురుతాయి, లెక్క ఇదిగో. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. డబ్బా నుంచి 100 మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకు పాట 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 80 దెబ్బలంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య 0.75 సెకను. అంటే వాళ్ళ చప్పట్లు దాదాపు సగం దెబ్బ వెనక పడతాయి, ఆ చప్పుడు మళ్ళీ ముందువాళ్ళకు తిరిగొచ్చి వాళ్ళనూ తప్పిస్తుంది. 2016లో ఎల్బీ స్టేడియంలో 9 వేల మందికి పైగా ఆడారు. అంత గుంపులో ఎత్తుకునే మనిషిని నమ్ముకుని ఆట నడవదు. దూరం డబ్బాలు విడిగా పెట్టి, ఒక్కోదానికి దూరాన్ని బట్టి ఆలస్యం లెక్క కట్టి, ముందే తయారైన ట్రాకు వేయాల్సిందే. నకలు రావడానికి వ్యాపారం ఒక కారణం, గుంపు సైజు ఇంకో కారణం. మనిషి గొంతు చేరని చోట కాపీ పనిచేస్తుంది.

రీల్స్ గురించి ఒక సాంకేతిక విషయం. నిలువు ఫ్రేములో గుండ్రం పట్టదు. మనుషులు ముగ్గురు పడితే ఎక్కువ. అందుకే కొత్త వీడియోల్లో అడుగులు గుండ్రానికి కాకుండా ముందుకు చూసే ముగ్గురికి కడుతున్నారు. గునుగుపువ్వు గారు చెప్పిన వరుసలు డబ్బాల వల్లే కాదు, ఫోన్లో చూసి నేర్చుకున్న అడుగుల వల్ల కూడా.

హక్కులపత్రం

హక్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు. జానపదం పాపులర్ అయ్యే క్షణం కచ్చితంగా కనపడేది అక్కడే.

పాత బతుకమ్మ పాట మాటలకూ వరుసకూ యజమాని లేడు. దాన్ని రికార్డు చేసిన క్షణంలో ఆ రికార్డుకు యజమాని పుడతాడు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు ప్రచురణ తర్వాత 60 ఏళ్ళు, పాడినవాళ్ళ ప్రదర్శన హక్కుకు 50 ఏళ్ళు. కొత్తగా రాసిన చరణాలకు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. అంటే పాత పల్లవి, రెండు పాత చరణాలు, ఒక కొత్త చరణం ఉన్న పాటలో ఆ ఒక్క చరణానికే సాహిత్య హక్కు. క్రెడిట్లలో ‘రచన: ఫలానా’ అని మొత్తానికి రాసేయడం రివాజైంది. సరైన పద్ధతి ‘జానపదం, సేకరణ: ఫలానా, అదనపు చరణం: ఫలానా’.

గొడవ కంటెంట్ ఐడీ దగ్గర, అంటే నమోదైన పాటలతో వీడియోలను పోల్చి చూసే యూట్యూబ్ ఏర్పాటు దగ్గర వస్తుంది. అది రికార్డునే కాదు, వరుసను కూడా పోల్చగలదు. ఒకరి రికార్డు ముందు నమోదై ఉంటే, తర్వాత అదే పాత వరుస పాడిన వాకిలి వీడియోకు కూడా ‘ఇది మాది’ అని వాళ్ళ క్లెయిం పడవచ్చు. అప్పుడు భయపడి తీసేయొద్దు. ‘సంప్రదాయ గీతం, మా సొంత రికార్డింగు’ అని డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టాలి. అవతలివాళ్ళు 30 రోజుల్లో స్పందించకపోతే క్లెయిం పోతుంది. తిరస్కరిస్తే అప్పీలు, దానికి 7 రోజులు. అయితే వెనక మోగుతున్న డీజే ట్రాకు మీ వీడియోలో వినపడితే ఈ వాదన చెల్లదు, అది వాళ్ళ రికార్డే.

నియంత్రణ కూడా పాపులర్ కల్చర్ రూపాన్ని మారుస్తుందని చెప్పండి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు కూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. చప్పట్ల పాటకు ఈ గడియారం తగలదు.

డాలస్‌చెరువు

ఇక్కడి నుంచి రెండు ముక్కలు. అమెరికాలో తొమ్మిది దినాలు కుదరవు, శనివారం సాయంత్రం ఒక్కటే. తంగేడు దొరకదు, గునుగు ఎవరో పెరట్లో వేసుకుంటే ఉంటుంది, లేకపోతే చేమంతి, కార్నేషన్. కార్నేషన్ కాడ సన్నం, బరువు మోయదు. కింద రెండు వరసలకు గట్టి ఆకులు, అట్టముక్క పెట్టకపోతే ఒరిగిపోతుంది. అందరూ వేర్వేరు జిల్లాలవాళ్ళు, ఒకరి వరుస ఇంకొకరికి రాదు. అప్పుడు అందరికీ తెలిసిన ఒకే పాట వీడియో పాట. కరీంనగర్ ఆమె, నల్లగొండ ఆమె, గుంటూరు నుంచి వచ్చిన కోడలు ముగ్గురూ తడబడకుండా అడుగేసేది దానికే. మూసను తిట్టేముందు ఈ పనిని కూడా లెక్కలో వేయండి. ఇక్కడి పిల్లలకు చరణాల అర్థం తెలియదు, హుక్ స్టెప్ తెలుసు. వచ్చే తరానికి మిగిలేది అదేనేమో అన్న గుబులు వేరే విషయం.

బల్లబోర్డు

అందరికీ కృతజ్ఞతలు. దీన్ని పిల్లలతో చేయించే పనిగా మారుస్తున్నాను. ఒక్కొక్కరు రెండు బతుకమ్మలు చూసి రావాలి: ఒకటి చప్పట్లది, ఒకటి డీజేది. రాసుకోవాల్సినవి: పాట నిడివి, ఎవరు ఎత్తుకున్నారు, 15 సెకన్లలో ఎన్ని చప్పట్లు (నాలుగుతో గుణిస్తే నిమిషం లెక్క), పాటలో లేని మాట ఎవరైనా చేర్చారా, ఏ వయసువాళ్ళు ఎప్పుడు పక్కకు జరిగారు, ఎవరి ముఖం ఎటు ఉంది, డబ్బు ఎవరిది. మూడో పని, అదే పాట రీల్స్ పది చూసి అర్థం ఎక్కడ మారిందో రాయాలి. ‘ఇది జానపదం, ఇది పాపులర్’ అని టిక్కు పెట్టే గడి ఇవ్వడం లేదు. పాత పాట డీజే ట్రాకై, రీలై, మళ్ళీ వాకిట్లోకి ఎలా వస్తుందో గీత గీసి చూపించాలి. ఇంకేమైనా మరిచానా?

గునుగుపువ్వు

మరిచిండ్రు. డీజే బందయినంక పావుగంట ఆగి చూడమనుండ్రి. కరెంటు పోయినా, పర్మిషన్ టైము అయిపోయినా ఒకామె మళ్ళ ఎత్తుకుంటది. అప్పుడు పాడే వరుస పాతదా, వీడియోల నుంచి వచ్చిందా అన్నది రాసుకోవాలె. శానా కాడ వీడియో పల్లవే ఎత్తుకుంటరు, చరణాలు మాత్రం సొంతవి పెడుతరు. పాడేటామెను ముందుగాల్నే అడిగి ఒప్పుకుంటేనే ఫోన్ల రికార్డు చెయ్యుమనుండ్రి. ఫోను నడుమ బతుకమ్మల కాడ పెట్టొద్దు, గుండ్రం బయట ఎత్తుకునేటామె ఎన్క పెడితే మాటలు పట్టుతయి, నడుమ పెడితే అన్ని చప్పట్లే వస్తయి.

హక్కులపత్రం

ఒప్పుకున్నట్టు ఆమె నోటి మాట కూడా ఆ రికార్డింగు మొదట్లోనే ఉండేలా చూడండి. అది చదువుకే, ఛానెల్లో పెట్టడానికి కాదు అని పిల్లలు కూడా అందులోనే చెప్పాలి.